మన తోటలో కాయ కోసిన పిల్ల బాసరకి దరఖాస్తు పెడితే మనకేంటి నొప్పి?

మిర్చి రేటు గురించి రాస్తానని చూస్తున్నారేమో, ఈసారి అది కాదు. రేటు సంగతి రాసి రాసి నాకే విసుగొచ్చింది, చదివి చదివి మీకూ వచ్చుంటుంది. ఇది కొంచెం పొడుగు పోస్టు. ఓపికుంటే ఆఖరిదాకా చదవండి. తిట్టాలనిపిస్తే ఆఖర్న తిట్టండి.

మొన్న పదో తరగతి ఫలితాలొచ్చాయి. మన జడ్పీ హైస్కూల్లో ఫస్టు ఎవరొచ్చారో మీలో చాలామందికి తెలుసు. కానీ మన ఊరి గ్రూపులో ఒక్కరు కూడా పెట్టలేదు. మన ఇళ్లల్లో పిల్లోడికి 450 వచ్చినా శాలువా ఫొటో, కేకు ఫొటో పెడతాం. 600కి 563 తెచ్చుకున్న పిల్లకి మాత్రం ఒక దండం బొమ్మ కూడా లేదు. ఎందుకంటే ఆ పిల్ల అడివిలో ఉన్న గుంపు పిల్ల. వలసోళ్ల పిల్ల. పేరు నేనిక్కడ రాయను, చిన్నపిల్ల, రేపు ఎవరు ఏం కామెంటు పెడతారో తెలీదు.

ఆ పిల్ల బాసర ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెడతానంటోంది. అక్కడ రాకపోతే ఇంటర్ ఎంపీసీ చదివి జేఈఈ రాస్తానంటోంది. ఇదే మాట టీ కొట్టు దగ్గర నేనంటే ముగ్గురు మూడు రకాలుగా మాట్లాడారు. ఒకాయన నవ్వాడు. "బాసరా? ముందు ఆధార్‌లో పేరు సరిగ్గా ఉందేమో చూస్కోమను" అన్నాడు. ఇంకొకాయన మంచి మనసుతోనే, "అంత పెద్ద చదువులు వాళ్లకెందుకు, నర్సింగ్ లాంటిదేదో చేయిస్తే తొందరగా నాలుగు డబ్బులొస్తాయి కదా" అన్నాడు. మూడోవాడు మావాడే, వరసకి బామ్మర్ది. "వీళ్లంతా చదువులకి పోతే వచ్చే జనవరికి కోతకి ఎవడొస్తాడు బావా?" అన్నాడు.

వాడిమీద నాకు కోపం రాలేదు. మిగతావాళ్ల కడుపులో ఉన్న మాట వాడు నోటితో అన్నాడు, అంతే. నిజం చెప్పాలంటే ఆరేళ్ల కింద నా కడుపులో ఉన్న మాట కూడా అదే. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు వీళ్లు ఎట్లా వచ్చారో ఇప్పటి కుర్రాళ్లకి తెలీదు కాబట్టి రెండు ముక్కలు. 2005లో అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం మొదలైంది. ఇటు తుపాకులు, అటు తుపాకులు, మధ్యలో ఊళ్లు తగలబడ్డాయి. బతికినోళ్లు గోదావరి వైపు నడుచుకుంటూ వచ్చారు. 2011లో సుప్రీంకోర్టు సల్వాజుడుం ఆపమని తీర్పు ఇచ్చేసరికి ఈ పిల్ల ఇక్కడే పుట్టి నడక కూడా నేర్చింది. వాళ్ల నాన్న వచ్చింది 2006లో, కుంట అవతలి ఊరి నుంచి. అప్పటికి సుక్మా జిల్లానే లేదు, అది 2012లో విడిపోయింది. గుత్తికోయలు అని పేరు పెట్టింది మనమే. వాళ్లు మురియా అని, కోయతూర్ అని చెప్పుకుంటారు. మొదటిసారి మా కల్లంలో కూర్చున్నప్పుడు వాళ్ల పెద్దాయన మా గట్టు ఏదని అడిగి, వేళ్లమీద లెక్కేసి, వరస కలిపేశాడు. మా అమ్మమ్మ మాట్లాడిన కోయమాట, ఆయన మాట సగానికి పైగా కలిసాయి. ఆ రోజు నుంచి పిల్ల తండ్రి నన్ను బావా అంటాడు, పిల్ల మామా అంటది.

ఇక ఆ పిల్ల సంగతి. గుంపు నుంచి బడికి నాలుగు కిలోమీటర్లు, మధ్యలో వాగు. వానాకాలం చెప్పులు చేతిలో పట్టుకుని దాటేది. ఆరోగ్య కేంద్రంలో గుంపులో ఎవరికి జ్వరమొచ్చినా డాక్టరుకి తెలుగులో చెప్పేది ఈ పిల్లే, మందు ఎప్పుడు వేసుకోవాలో వాళ్లకి మళ్లీ చెప్పేదీ ఈ పిల్లే. ఎనిమిదో తరగతి నుంచి అదే పని.

రెండేళ్ల కింద ఒక ఆదివారం మా తోటకి తల్లితో కోతకి వచ్చింది. నేను కిలోల లెక్క పుస్తకంలో రాసుకుంటా కదా, ఆ పిల్ల కూడా పాత నోటుబుక్కులో ఎవరెవరు ఎన్ని కిలోలు కోసారో రాసుకుంది. ఆ తర్వాత సెలవు రోజుల్లో తను, బడి ఉన్న రోజుల్లో తల్లి చెప్తే సాయంత్రం తను, సీజను ఆఖరిదాకా రాసింది. డబ్బులిచ్చే రోజు నా పుస్తకం ఒక మాట, ఆ పిల్ల పుస్తకం ఇంకో మాట. తేడా 46 కిలోలు. నేను గట్టిగానే మాట్లాడాను. ఆ పిల్ల ఏడవలేదు, తగ్గలేదు. "మామా, ఫలానా రోజు కాటా మార్చారు కదా, ఆ రోజు చూడండి" అంది. చూస్తే నిజమే, ఆ ఒక్కరోజు కూడికలో నేనే తప్పాను. నలుగురి ముందు తప్పు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇంటర్ చదివినోణ్ణి అని నాకు కొంచెం పొగరుండేది, ఆ రోజుతో దిగింది.

ఇప్పుడు ఆరేళ్ల కింద సంగతి. ఆ గుంపులోనే ఒక కుర్రాడు, లెక్కల్లో మంచి చురుకు. పదో తరగతి అయ్యాక పాలిటెక్నిక్ ఎంట్రన్స్ రాసాడు, ర్యాంకు వచ్చింది. సర్టిఫికెట్లు చూపించడానికి పోవాల్సిన రోజు, మా తోటలో పత్తి గింజలు పెట్టే పని. వానొచ్చి పదునుంది, మనుషుల్లేరు. వాళ్ల నాన్నతో నేనే అన్నాను, "ఈ రెండు రోజులు ఉంచు, ఆ కాగితాల పని తర్వాత కూడా చూడొచ్చులే" అని. తర్వాత చూడటానికి ఏమీ లేదు. తేదీ దాటింది, సీటు పోయింది. మళ్లీ ఏడు రాస్తానన్నాడు, రాయలేదు. ఇప్పుడు బోరు బండి మీద కర్ణాటకలో ఎక్కడో ఉంటున్నాడు. పోయిన దీపావళికి వచ్చి నన్ను చూసి నమస్తే మామా అన్నాడు. ఆ నమస్తే నాకు ఇంకా గుచ్చుకుంటోంది. రెండు రోజుల కూలి పని కోసం నేను చేసిన పని అది.

అందుకే ఈసారి నేను ఊరుకోను.

ఇప్పుడు కాగితాల సంగతి వినండి. ఇందులో మనలో చాలామందికి తెలియని తిరకాసు ఉంది. నాకూ తెలీదు, మా ఊరి లాయరు తమ్ముడు కూర్చోబెట్టి చెప్పాడు.

ఈ పిల్ల మనకి "బయటోళ్ల పిల్ల". కానీ చట్టం లెక్కలో ఆ పిల్ల లోకల్. 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం పరీక్ష రాసే ఏడాదితో కలిపి వరసగా నాలుగేళ్లు ఇక్కడి బళ్లో చదివితే లోకలే. ఈ పిల్ల ఒకటో తరగతి నుంచి ఇక్కడే చదివింది. కాబట్టి బాసరలో లోకల్ పిల్లలకి ఉండే 85 శాతం సీట్లలో పోటీ పడే హక్కు ఉంది. అది ఎవరి దయా కాదు.

కానీ కులం దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. ఎస్టీ జాబితా రాష్ట్రానికి ఒకటి. తండ్రి, తాత ఏ రాష్ట్రం వాళ్లో ఆ రాష్ట్రం ఎస్టీ అవుతారు. అంటే ఛత్తీస్‌గఢ్ మొహం కూడా చూడని పిల్ల ఛత్తీస్‌గఢ్ ఎస్టీ. ఇక్కడ తెలంగాణ సీట్లలో ఎస్టీ కాదు. దరఖాస్తులో కులం గడి దగ్గర ఆ పిల్ల పడేది ఓసీలో! మన మండలం మొత్తంలో అందరికన్నా పేద ఇల్లు కంప్యూటర్లో ఓసీ. 563 మార్కులు ఎస్టీ కింద అయితే ధైర్యంగా ఉండొచ్చు, ఓసీ కింద అయితే ఒడ్డు అంచున బండి నడిపినట్టే. ఏమవుతుందో నోటిఫికేషన్ వచ్చి కటాఫ్ తేలితే గానీ తెలీదు.

ఈ రూలు ఎట్లా గట్టిపడిందో విని నేను ఆశ్చర్యపోయాను. అది మన తెలుగు పిల్లోడి కేసు. తెనాలిలో పుట్టాడు, ఎస్టీ. తండ్రికి ఎరువుల కంపెనీలో ఉద్యోగం, బొంబాయి వెళ్లారు. పిల్లోడు తొమ్మిదో ఏట నుంచి అక్కడే చదివి మెడిసిన్ సీటుకి ఎస్టీ కింద దరఖాస్తు పెడితే, నువ్వు ఆంధ్ర ఎస్టీవి, మహారాష్ట్ర ఎస్టీవి కాదన్నారు. సుప్రీంకోర్టు దాకా పోయాడు. 1990లో ఐదుగురు జడ్జీల బెంచి కూడా అదే చెప్పింది. అంటే మనోడికి బొంబాయిలో తగిలిన దెబ్బే ఈ పిల్లకి ఇక్కడ తగులుతోంది. పొట్ట చేత పట్టుకుని మనవాళ్లు పోని రాష్ట్రం ఉందా? రేపు మన పిల్లలకైనా తగలొచ్చు.

అంతెందుకు, 2014లో పోలవరం కోసం ఏడు మండలాలు ఆంధ్రలో కలిపినప్పుడు మా చెల్లెలు కూనవరం దగ్గర నిలబడ్డ చోటే నిలబడి ఉంది. రాష్ట్రం మారిపోయింది. వాళ్ల పిల్ల భద్రాచలంలో చదివేది. నువ్వు ఎక్కడ లోకల్ అని అడిగితే ఆ పిల్ల మా చెల్లెలి మొహం చూసింది, మా చెల్లెలు నా మొహం చూసింది. అడుగు తీసి అడుగు వేయకుండానే మనకి ఆ తంటా వస్తే, ఊరు తగలబడి పరిగెత్తుకొచ్చినోళ్ల సంగతి ఏంటి?

ఇప్పుడు మా కోయ సోదరులకి ఒక మాట. మీలో కొందరు ఇప్పటికే పళ్లు కొరుకుతుంటారని తెలుసు. మన సీట్లు మనకే చాలట్లేదు, వీళ్లని కూడా ఎస్టీల్లో కలిపితే మన పిల్లలు ఏమైపోవాలని. ఆ భయం తప్పని నేననను. నాకూ ఒక మనవరాలుంది. పోడు భూమి దగ్గర మనకీ వాళ్లకీ గొడవలున్న మాటా కాదనను. 2022 నవంబర్లో చండ్రుగొండ వైపు ఫారెస్టు రేంజి ఆఫీసరుని నరికి చంపారు. అది ఘోరం. చేసినోళ్లకి కోర్టులో శిక్ష పడింది, పడాల్సిందే. కానీ ఆ వారం మన ఊళ్లో ఏం జరిగింది? ఎనిమిదో తరగతి చదివే ఈ పిల్లని బడి దారిలో ఆపి "మీవాళ్లే కదా" అన్నారు. పిల్ల వారం రోజులు బడికి రాలేదు. హెడ్మాస్టరు గారు గుంపుకి పోయి తీసుకొచ్చారు.

వాళ్లని తెలంగాణ ఎస్టీల్లో కలపాలా వద్దా అన్నది ప్రభుత్వం, పెద్దలు తేల్చాలి. దాని మీద ఈ పోస్టులో నేను వాదన పెట్టుకోను. నేను చెప్పేది వేరే. మన పిల్లల సీటు ఒక్కటి కూడా తగ్గకుండా ఈ పిల్లకి న్యాయంగా రావాల్సిన దారి ఒకటుంది. కేంద్ర ప్రభుత్వ కాలేజీలు. ఐఐటీలు, ఎన్ఐటీలు, ములుగులో కొత్తగా పెట్టిన సమ్మక్క సారక్క గిరిజన విశ్వవిద్యాలయం, ఇవన్నీ కేంద్రానివి. అక్కడ దేశంలో ఏ రాష్ట్రం ఎస్టీ అయినా ఎస్టీయే, ఐఐటీలు, ఎన్ఐటీల్లో 7.5 శాతం సీట్లు. వరంగల్ ఎన్ఐటీలో సగం సీట్లు ఈ రాష్ట్రంలో ఇంటర్ పాసైనవాళ్లకి. ఈ పిల్ల ఇక్కడ ఇంటర్ చదివితే ఆ సగంలోకి వస్తుంది. ఎస్టీ పిల్లలకి అక్కడ ట్యూషన్ ఫీజు లేదు, హాస్టలు, మెస్సు ఖర్చు చూసుకుంటే చాలు. మన పిల్లల్ని రెండేళ్ల ఇంటర్‌కి కార్పొరేట్ కాలేజీల్లో వేసి ఎంత కడుతున్నామో మీ అందరికీ తెలుసు. సీటు వచ్చాక పెద్ద కాలేజీ అంత ఖరీదు కాదు. ఆ గేటు దాకా పోవడమే ఖరీదు.

నర్సింగ్ చేయించమన్న పెద్దాయనకి నా జవాబు కూడా ఇదే. అది చిన్న పని అని కాదు. మా వదిన కూతురు నర్సే, ఇల్లంతా ఆ పిల్ల జీతం మీదే నిలబడింది. కానీ ఆ దారి రెండేళ్ల తర్వాత కూడా ఉంటుంది. బాసర దరఖాస్తు ఈ ఏడాది దాటితే పదో తరగతి మార్కుల మీద మళ్లీ రాదు. పెద్దదానికి పెట్టి రాకపోతే చిన్నదానికి రావొచ్చు. చిన్నదాంట్లో చేరాక పెద్దదానికి ఎవరు పోతారు? జేఈఈ సంగతి కూడా దాచను. సర్కారు కాలేజీలో చదివి, కోచింగు లేకుండా ర్యాంకు తేవడం చాలా కష్టం. దేశం మొత్తం మీద లక్షల మంది రాస్తారు, అందులో పైన ఉన్న రెండున్నర లక్షల మందినే అడ్వాన్స్‌డ్ రాయనిస్తారు. ఈ పిల్లకి వచ్చి తీరుతుందని నేను గ్యారంటీ ఇవ్వను. విత్తనం వేసేటప్పుడు మనకి ఎవడిచ్చాడు గ్యారంటీ?

మా అన్న కొడుకు అమెరికాలో ఉంటాడు. ఫోన్లో ఈ సంగతి చెప్తే, అక్కడ పేరున్న కాలేజీలకి దరఖాస్తు పెట్టే పిల్లల్ని మీ కథ మీరే రాసి పంపండి అని అడుగుతారట. ఎక్కడినుంచి వచ్చావు, ఏం కష్టపడ్డావు, ఇంట్లో ఏం పని చేశావు అన్నీ చదువుతారట. అట్లా అయితే వాగు దాటిన సంగతి, డాక్టరుకి తెలుగులో చెప్పిన సంగతి, నా 46 కిలోల సంగతి కూడా రాసేది. ఇక్కడ కథ ఎవరికీ అక్కర్లేదు. కాగితం కావాలి.

ఆ కాగితం ఎట్లా వస్తుందంటే, 1982లో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకి రాసిన ఉత్తరం ఒకటుంది. వలస వచ్చినవాళ్ల పిల్లలకి, తండ్రి సొంత రాష్ట్రంలో తెచ్చుకున్న కులం సర్టిఫికెట్ చూపిస్తే, ఇక్కడి అధికారి కూడా సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. అందులో ఛత్తీస్‌గఢ్ ఎస్టీ అనే ఉంటుంది. కేంద్రం కాలేజీలకి అది చాలు. కాబట్టి ముందు తండ్రికి కుంటలో సర్టిఫికెట్ తేవాలి. తగలబడ్డ ఊళ్లో పాత కాగితం ఎక్కడ దొరుకుద్ది? రికార్డు లేకపోతే గ్రామసభ తీర్మానం చూపొచ్చని అక్కడ పనిచేసే ఒకాయన ఫోన్లో చెప్పాడు. తండ్రి పందొమ్మిదేళ్లుగా ఆ ఊరు పోలేదు. పోవాలంటే భయం. నేనొస్తా పదరా అంటే, "నువ్వొస్తే పోదాం బావా" అన్నాడు.

మొన్న సాయంత్రం పిల్ల మా ఇంటికొచ్చి దరఖాస్తులో ఏమేం అడుగుతారో నా ఫోన్లో చూసుకుంది. పోయినేటి ఫారం చూస్తూ, "మామా, సొంతూరు అన్న చోట ఏం రాయాలి?" అని అడిగింది. ఆధార్‌లో మన పంచాయతీ పేరే ఉంది కదా, అదే రాయి అన్నాను. "అది రాస్తే ఊళ్లో ఎవరైనా కాదంటారా?" అంది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మా ఆవిడ లోపలినుంచి, "ఎవడు కాదంటాడో నాకు చెప్పు" అని అరిచింది.

ఇక మా బామ్మర్ది అడిగిన ప్రశ్న, కోతకి ఎవడొస్తాడని. నా కొడుకు హైదరాబాద్ పోయినప్పుడు, మా బామ్మర్ది కూతురు విజయవాడ పోయినప్పుడు, మడకెవడు పట్టుకుంటాడని మనం ఎవర్నైనా అడిగామా? అప్పు చేసి పంపాం. ఇంకొక సంగతి ఎప్పుడైనా గమనించారా, మన కాయ కోత జనవరి నుంచి ఏప్రిల్ దాకా. జేఈఈ మెయిన్ జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి. ఇంటర్ పరీక్షలు, టెన్త్ పరీక్షలు మార్చిలో. మనం మేస్త్రికి ఫోన్ చేసి, ఉన్నోళ్లందర్నీ తీసుకురా, పిల్లల్ని కూడా తీసుకురా అంటామే, సరిగ్గా ఆ రోజుల్లోనే. నేను మా తోట వరకు ఈ ఏడు నుంచి చదివే పిల్లల్ని రానివ్వనని మేస్త్రికి చెప్పేశాను. నాలుగు రోజులు కోత ఆలస్యమైతే తాలు కాయ కొంచెం పెరుగుద్ది, భరిస్తాను. మీ తోటల సంగతి మీ ఇష్టం.

బాసర నోటిఫికేషన్ ఎప్పుడైనా పడొచ్చు. ఆ దరఖాస్తు ఓసీ కిందే అయినా పెట్టేస్తున్నాం, దాని కోసం ఆగట్లేదు. కులం కాగితం పని ఇంటర్ అయ్యేలోపు తేలాలి, ఇప్పుడే మొదలుపెడితేనే తేలుద్ది.

వచ్చే సోమవారం పొద్దున ఐదింటికి పిల్ల తండ్రి, నేను బయల్దేరుతున్నాం. భద్రాచలం దాటి, చింతూరు మీదుగా కుంట. జీపు మాట్లాడాను, ఇంకో ఇద్దరికి చోటుంది. హిందీ బాగా వచ్చినోళ్లు ఒకరు తోడొస్తే మేలు, నా హిందీ ఎరువుల బస్తా మీద అక్షరాలు చదివే దాకానే. అటువైపు చుట్టాలున్నవాళ్లు, గ్రామసభ పెద్దలు ఎవరైనా తెలిసినవాళ్లు ఉంటే ఆదివారం సాయంత్రంలోపు నాకు ఫోన్ చేయండి. నంబరు మీ దగ్గర ఉన్నదే.